ఇమ్మానుయేల్ సారు బాకీపడ్డ జవాబు

ఇమ్మానుయేల్ సారుకు రాని ఇంగ్లీషు మాట లేదని కోడేరు చుట్టుపక్కల గొప్ప పేరు. తల్లి పుష్పమ్మ పత్తి ఏరి చదివిస్తే పైకొచ్చిన మనిషి. అంత కష్టపడి తెచ్చుకున్న పేరును కాపాడుకోబోయి ఆయన చేయరాని తప్పు చేశాడు.

పాతికేళ్ల కిందటి సంగతి. తొమ్మిదో తరగతి బోర్డు మీద 'అరైజ్' అని రాసి, లేవడం అని అర్థం చెప్పాడు. వెనక బెంచీలోంచి భీమమ్మ లేచింది.

"సార్, రైజ్ అన్నా లేసుడే గద. మరి ముందల గా 'అ' యాడికెల్లి వచ్చింది?"

సారుకు తెలియదు. తెల్వదమ్మా, చూసి చెప్తా అంటే ఏం పోయేది? అబ్బే, పరువు అడ్డమొచ్చింది! "పత్తేరుకునేదానికి నీకు గవన్ని ఎందుకే? కూసో!" అని గద్దించాడు. క్లాసంతా గొల్లుమంది. పుష్పమ్మ కొడుకు నోట రావలసిన మాటేనా అది? ఆ పిల్ల మళ్లీ నోరు తెరవలేదు. పదో తరగతికి బడికే రాలేదు.

రిటైరయ్యాక సారు పెద్ద నిఘంటువు కొనుక్కుని మొదట వెతికింది ఆ మాటనే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో అది 'ఆరీసన్' అట. పడుకున్నవాళ్లు, మోకరిల్లినవాళ్లు లేచి నిలబడితే అలా అనేవారు. ముందున్న 'ఆ'కు పైకి, బయటికి అని అర్థం. అప్పట్లో ఒట్టి రైజ్ కంటే ఇదే ఎక్కువ వాడుకట. రాను రాను మనుషులు లేవడం రైజ్‌కు పోయి, దీనికి సమస్యలు, సందేహాలు పుట్టుకురావడమే మిగిలింది. చదువుతుంటే సారు కళ్లు చెమర్చాయి. ఎంత మంచి ప్రశ్న అడిగింది, నా తల్లి!

భీమమ్మను ధరూర్ దగ్గర ఇచ్చారని కనుక్కుని, గద్వాల దాకా బస్సులో, ఆపైన షేర్ ఆటోలో వెళ్లాడు. ఆమె వాకిట్లో పల్లికాయ ఎండబోస్తోంది. సారును చూసి గబగబా కుర్చీ తెచ్చి వేసింది.

"నాడు నాకు తెల్వకనే నిన్ను తిట్టిన బిడ్డా. తప్పు నాది" అని, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు.

భీమమ్మ నవ్వింది. "అయ్యో, గిందుకు గింత దూరం రావాల్నా సార్? గా మాట నాకు యాదికే లేదు. బడిల ఏం అడుగొద్దని మాత్రం యాదున్నది. మా పూజకు సుత చిన్నప్పటి సంది గదే చెప్పిన."

తొమ్మిదో తరగతి చదివే పూజ గడపలో నిలబడి వింటోంది. సారు ఆ పిల్ల వైపు తిరిగాడు.

"నువ్వన్న అడుగు బిడ్డా" అన్నాడు బతిమాలుతున్నట్టు. "ఏదన్న అడుగు. నాకు తెల్వకుంటే తెల్వదనే చెప్త."

పూజ తల్లి ముఖం చూసింది.

"ఏం లేదు సార్."

"చూసిన్రా సార్, కిక్కురుమనదు" అని భీమమ్మ మురిసిపోయింది.