మండపం మీద మూడో కెమెరా

2023 వేసవి. ప్రొద్దుటూరులో మా స్టూడియో ఏసీ కాసేపు ఆడి కాసేపు అలిగే రోజులు. పెళ్లి వీడియోల మిక్సింగ్ నా పని. మిక్సింగ్ అంటే, కెమెరాలు తెచ్చిపోసిన గంటలకొద్దీ దృశ్యాలను కోసి, అతికించి, సన్నాయి కలిపి, చూసేవాళ్లకు నిద్ర రాకుండా చేయడం. మా చుట్టుపక్కల పెళ్లిళ్లు ఎన్నో నా కళ్ల ముందు నుంచే పోయాయి గానీ, నేను స్వయంగా వెళ్లి అన్నం తిన్నవి చాలా తక్కువ. మా వృత్తిలో ఆడవాళ్లకు దొరికే చోటు అంతే: మిక్సింగ్ గది, లేకపోతే ఆల్బమ్ డిజైనింగ్ కంప్యూటర్. బయటికెళ్లి కెమెరా ఎత్తేది మగవాళ్లు. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే నేనూ చెప్పలేను.

లలితది వేముల. పురోహితుడి కూతురు. ప్రొద్దుటూరులో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ మా దగ్గర డిజైనింగ్‌కు చేరింది. దాని చూపు ఎప్పుడూ కెమెరా బ్యాగుల మీదే. సరే, నేర్చుకోమని ఇచ్చాను. అప్పుడే "లేడీ కెమెరా ఉందా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పెళ్లికూతురి గదిలోకి, నలుగు దగ్గరికి, నిఖాలో ఆడవాళ్ల వైపుకి మగవాళ్లను రానివ్వరు కదా. లలితకు తీరిక లేనంత పని దొరికింది. ఒక ఆడపిల్లకు దారి చూపించానని నేను మురిసిపోతుంటే, ఒకరోజు అది తాపీగా అంది.

"అక్కా, నువ్వు నన్ను ఒక గదిలోంచి తీసి ఇంకో గదిలో పెట్టినావు, అంతే."

నేను చేసింది మేలా, కీడా? రెండు రోజులు అదే ఆలోచన, ఎటూ తేలలేదు.

ఆ మధ్యే జమ్మలమడుగు వైపు షూటింగుకు వచ్చిన ఒక సినిమా యూనిట్, తమ హార్డ్ డిస్కులు కాపీ చేసుకోవడానికి మా స్టూడియో వాడుకుంది. వాళ్లలో కెమెరా అసిస్టెంట్ ఒకామె. లలిత వదలకుండా ఆమె వెంటపడింది. ఆమె చివరికి ఒక మాట చెప్పింది: "జనం మధ్యలో, ఎక్కడా కోత లేకుండా, ఒకే షాట్‌లో ఫోకస్ నిలబెట్టింది ఏదైనా పంపు. నచ్చితే వచ్చే షెడ్యూలుకు ట్రైనీగా పిలుస్తాం." ఫోకస్ అంటే, మనకు కావలసిన ముఖం మసకబారకుండా పట్టి ఉంచడం. పెళ్లికూతురి గదిలో అందుకు పరీక్ష ఏముంది? ఆమె కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంటుంది. అసలు పరీక్ష మండపం మీద. తాళి కట్టే వేళకు అందరూ లేచి, అక్షింతలు విసిరి, ఒకరి మీద ఒకరు పడతారు చూడండి, అప్పుడు.

అందుకని పులివెందులలో ఒక పెద్ద వ్యవసాయదారుల ఇంటి పెళ్లికి లలితను మూడో కెమెరాగా మండపం ఎక్కించాలని పట్టుబట్టాను. మిగతా రెండూ మగవాళ్లవి. ఒకటి ట్రెడిషనల్, అంటే వచ్చినవాళ్లందరినీ వరసపెట్టి తీసేది. రెండోది కాండిడ్, మనకు తెలియకుండా మన నవ్వు పట్టుకునేది. నేను కూడా వెళ్లాను. వెళ్లకపోతే బాగుండేదని అక్కడ చాలాసార్లు అనుకున్నాను.

పొద్దున మండపం దగ్గర లలిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా, మా నాన్న!"

పెళ్లివాళ్ల ఇంటి పురోహితుడికి పురుడు మైల వచ్చిందట. ఆయన బదులు వేముల నుంచి ఈయనను పిలిపించారు. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌లు చేస్తోందనే ఈయనకు తెలుసు. పైగా కెమెరావాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. "ఇంకోసారి కట్టండి సార్, ఇటు చూసి కట్టండి" అన్నవాళ్లను మండపం మీదనే కడిగేస్తాడని మావాళ్లు కథలు చెప్పేవారు.

"పెళ్లికూతురి గదిలోకి పోదువు, రా," అన్నాను.

"ఈ షాట్ పోతే మళ్లా నాకు మండపం ఎవరిస్తారు అక్కా?" అని మెట్లెక్కేసింది.

ఆయన చూశాడు. మంత్రం మధ్యలో ఒక్క క్షణం చూపు నిలిచింది, మళ్లీ మంత్రంలోకి వెళ్లిపోయింది. కోపమా, ఆశ్చర్యమా, నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

అది చాలదన్నట్టు పెళ్లికొడుకు మేనత్త నా పక్కకు వచ్చింది. చెడ్డ మనిషేం కాదు, పొద్దున నాకు టిఫిను ప్లేటు తెచ్చిచ్చింది ఆవిడే.

"ఏమ్మా, ఆ కెమెరా పాప మండపం మింద ఉండాది గదా, ముట్టు దినాలేం కాదు గదా? అడిగి చెప్పు. శుభకార్యం, మళ్లా మాట రాగూడదు."

"కాదులే పెద్దమ్మా" అనేది నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నాకేం తెలుసు? తెలియనిది ఎందుకు చెప్పాలి? అసలు నన్నెందుకు అడగాలి? పోయి లలిత చెవిలో వేశాను.

"చెప్పను అక్కా."

"ఏంది చెప్పవు? కాదంటే అయిపాయె గదా!"

"ఈ పొద్దు కాదంటే, ఇంకో పెండ్లిలో ఔననాల్సొస్తాది. ఆ పొద్దు దిగిపోవాల్సొస్తాది. నేను చెప్పను. నువ్వూ చెప్పొద్దు."

దాని మాటలో తడబాటు లేదు. తడబాటంతా నా వంతే. మేనత్త దగ్గరికి తిరిగి పోలేక, అక్కడే లైటు స్టాండు సర్దుతున్నట్టు నటించాను. నా వాలకం చూసి మేనత్తకు ఓపిక పోయింది, తిన్నగా పురోహితుడి దగ్గరికే వెళ్లింది.

"అయ్యోరా, మీరే చెప్పండి. ఈ పాప ఈడ ఉండొచ్చునా? అడిగితే జవాబే చెప్పడం ల్యా."

అంతమందిలో పోయి పోయి ఆయననే అడగాలా! ముట్టు రోజుల్లో తమ ఇంట్లో నడవ కూడా దాటనివ్వరని లలిత చెప్పిన మాట గుర్తొచ్చింది. వేరే ఊళ్లో ఉంటున్న కూతురి సంగతి ఆయనకు ఎలా తెలుస్తుంది? దిగమంటే పిల్ల బతుకు ఆ మెట్ల మీదే ఆగిపోతుంది. ఉండమంటే ఏ ధైర్యంతో అంటాడు?

ఆయన అక్షింతల పళ్లెం కింద పెట్టాడు. కూతురి వైపు చూడలేదు.

"మండపం మింద ఎవరుండాల్నో నేను చూసుకుంటా తల్లీ. లగ్నం దాటిపోతాంది. మంగళసూత్రం యాడ పెట్టినారు? తొందరగా తీసకరాండి."

పురోహితుడి మాట కదా, మేనత్త సూత్రం కోసం పరుగెత్తింది. ఆయన తల తిప్పకుండానే, "అమ్మాయ్, ఆ పక్క పొగ. ఇట్లా రా," అన్నాడు. లలిత వచ్చి ఆయన కుడి పక్కన నిలబడింది.

భోజనాలయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"కంప్యూటర్ పనంటిరే?"

"అంటే, అదీ చేస్తాది స్వామీ..."

"ఆ కెమెరా శానా బరువా?"

"బరువే స్వామీ."

"నాకిది ఇష్టం ల్యా," అని కండువా దులుపుకుని, కూతురితో ఒక్క మాటైనా మాట్లాడకుండా బస్టాండుకు వెళ్లిపోయాడు. ఇష్టం లేనివాడు మండపం మీద కూతుర్ని తన పక్కకు ఎందుకు పిలిచినట్టు? పిలిచినవాడు ఇష్టం లేదని ఎందుకన్నట్టు? ప్రొద్దుటూరు చేరేదాకా తల పట్టుకునే కూర్చున్నాను.

మర్నాడు ఆ షాట్ ముందు వేసుకున్నాను. మామూలుగా మండపం మాటలు మేం వినం. అరుపులు, దగ్గులు ఉంటాయని వాటి మీద సన్నాయి పరిచేస్తాం. ఈ షాట్ కోత లేకుండా పంపాల్సింది, అందుకని మాటలతో సహా విన్నాను. జనం మీద పడుతున్నారు, అక్షింతలు లెన్సుకు తగులుతున్నాయి, పెళ్లికూతురి ముఖం మాత్రం ఎక్కడా మసకబారలేదు. మూడో ముడి దగ్గర పెళ్లికొడుకు చేతిని ఒక వేలితో ఆపాడు పురోహితుడు. ఎవరికోసమూ ముహూర్తం ఆపని మనిషి! మైకుకు అందీ అందనట్టు ఆయన గొంతు.

"పడిందా?"

"పడింది నాన్నా."

వేలు తీశాడు. ముడి పడింది. నాకు ఏడుపు ఆగలేదు.

యూనిట్ వాళ్లు లలితను పిలిచారు. జమ్మలమడుగు ఎండలో లెన్సు పెట్టెలు మోసి, నటులు నిలబడాల్సిన చోట నేల మీద టేపు అతికించి, సాయంత్రం ఫోన్ చేసి గంటసేపు చెప్పేది. వాళ్ల నాన్న మాత్రం మారలేదు. మొన్న దువ్వూరు పెళ్లిలో మా కాండిడ్ కుర్రాణ్ణి మండపం మీద నుంచి దింపేశాడట.

ఆడపిల్లలకు కెమెరా ఇస్తే సాయం చేసినట్టేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఇప్పుడు మా దగ్గర ముగ్గురున్నారు. మేనత్త అడిగిన ఆ ప్రశ్న పెళ్లిళ్లలో ఇంకా వస్తూనే ఉంది. మగవాళ్లను అడగనిది మా పిల్లలనూ అడగొద్దని చెప్తున్నాను. రెండు పెళ్లిళ్లు పోయాయి, పోనీ. ఆ రోజు సంగతి లలితను నేను ఇప్పటికీ అడగలేదు. తండ్రి తెలిసి నిలబెట్టుకున్నాడో, తెలియక నిలబెట్టుకున్నాడో, తెలుసుకోవడమే వద్దనుకున్నాడో నాకు అంతుపట్టలేదు. మండపం మీద ఉన్న కెమెరా మనిషిని అడగాల్సినది ఒకే ఒక్క మాట, అది ఆయన అడిగాడు.