బావ వేసిన తాళం

మా బావ తిండి దొంగ. అలా అనడానికి నాకేం మొహమాటం లేదు. హఫీజ్‌పేట్‌లో ఉండే మా అక్క ప్రతి సోమవారం నా కోసం నువ్వుల లడ్డూలు ఆయన చేతే పంపుతుంది. మా ఇద్దరి ఆఫీసులూ హైటెక్ సిటీలో ఒకే బిల్డింగ్‌లో. డబ్బా నాకు చేరేసరికి సగమయ్యేది. నా ఆకలి సంగతి సరే, ఆయనకు షుగర్ ఉంది.

"మా మామ గిట్లనే సాటుంగ తిని కండ్లు పోగొట్టుకున్నడు తమ్మీ," అంది అక్క ఫోన్‌లో. "గొళ్ళెమున్న పెట్టెల పెట్టి తాళమేస్త. గని తాళంచెవి నీకెట్ల పంపాలె? ఆయన చేతికే ఇయ్యాల్నా?"

సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడమే నా ఉద్యోగం.

"చెవి పంపకు అక్కా. తెరిచిన తాళం నేనే పంపుత. నువ్వు నొక్కితే పడుతది. చెవి నా జేబుల్నే ఉంటది. తాళం ఎవరి చేతుల పడ్డా ఫికర్ లేదు. ఎవరన్న ఏస్తరు, నేనొక్కణ్ణే తీస్త. నీ బ్యాంకు యాప్ గూడ గిట్లనే చేస్తది."

తెరిచిన తాళాన్ని బావకే ఇచ్చి పంపాను. సోమవారం పెట్టెకు నా ఇత్తడి తాళమే వేసి ఉంది. తీసి చూస్తే లడ్డూలు మళ్ళీ సగమే! నాకు ఒళ్ళు మండింది. అక్కకు ఫోన్ చేస్తే, "ఎర్ర తాళం మంచిగున్నది తమ్మీ," అని మెచ్చుకుంది.

నేను ఎర్రది పంపనే లేదు. బావ నా తాళం దాచుకుని తనది అక్కకిచ్చాడు. దారిలో తన చెవితో తీసి, తిని, నా తాళం వేసి తెచ్చాడు. ఆయనదీ సాఫ్ట్‌వేరే మరి! పద్ధతిలో లోపం లేదు, తాళం ఎవరిదో సరిచూసుకోలేదంతే. ఆఫీసులో అయితే తాళం ఫలానావాళ్ళదేనని ఇద్దరూ నమ్మే మూడోవాళ్ళ ముద్ర అడుగుతాం. ఇంట్లో బావ నవ్వు చూసి నమ్మేశాం.

నా తాళం ఫొటో తీసి అక్కకు నేరుగా పంపాను. తర్వాతి వారం కూడా బావ ఎర్ర తాళమే ఇచ్చాడు. అక్క ఫొటో చూసుకుంది, ఏమీ తెలియనట్టు ఆ తాళమే నొక్కింది. లోపల పెట్టినవి మాత్రం బెల్లం వెయ్యని మెంతి లడ్డూలు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో బావ గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతూ కనిపించాడు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనడు. నాకు నవ్వు ఆగలేదు.

"మీ అక్కకు తెలిసిందా? తిట్టిందా?" అన్నాడు చివరికి.

"తిట్టలే బావా. మీ నాయన కండ్ల సంగతి చెప్పుకుంట ఏడ్చింది."

బావ గ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి ఎర్ర తాళం చెవి తీసి నా ప్లేటు పక్కన ఉంచాడు.

"రేపు దవాఖానకు నువ్వు గూడ రా బామ్మర్దీ," అన్నాడు. "నాకు భయమైతున్నది."