క్లచ్ పెడల్ లేని కారు

షెడ్డులో అందరూ అతణ్ణి గేర్ల మేస్త్రి అనేవారు. ఏ బండి వచ్చినా వీధి చివరిదాకా ఒక్క చుట్టు నడిపి, గేరు రాడ్ మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేసేవాడు. విప్పి చూస్తే ఆ పన్నే అరిగి ఉండేది. షెడ్డు అతని బావది, అంటే అక్క మొగుడిది. బావకు నోరెక్కువ, పని తక్కువ. బండ్లు వచ్చేది మేస్త్రి పనితనం చూసి.

ముప్పై నాలుగో ఏట, ఒక వ్యాను కింద పడుకుని పని చేస్తుండగా జాక్ దిగిపోయింది. ఎడమకాలు మోకాలి కింద నుజ్జునుజ్జయింది. ఆసుపత్రిలో తీసేశారు. చూడడానికి వచ్చినవాళ్లందరికీ బావ ఒకటే మాట చెప్పాడు.

"మావాడికి తొందరెక్కువండీ. కింద స్టాండు కూడా పెట్టుకోకుండా దూరాడు."

మందుల మత్తులో పక్కనే పడి ఉన్న మేస్త్రి అది విన్నాడు.

పెట్టుడుకాలు వచ్చింది గానీ, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలిసేది పాదానికి. ఆ పాదమే లేదు. ఇక బల్ల దగ్గర కూర్చుని, ఊడదీసి తెచ్చిన గేరుబాక్సులు విప్పడమే అతని పని. షెడ్డు వెనక గదిలో మకాం, అక్క ఇంటి నుంచి భోజనం. కుంటి మేస్త్రి అని మొదట పిలిచింది బావే. నెల తిరిగేసరికి షెడ్డంతా అలాగే పిలిచింది. ఆటోమేటిక్ బండి నడుపుకోరాదా అని ఎవరైనా అంటే, "దాన్ని నడపడం అనరండీ, అందులో కూర్చోవడం అంటారు" అనేవాడు.

వెనక గోడ పక్కన ఒక పాత టర్బో కారు ఆరేళ్లుగా దుమ్ము తింటూ ఉండేది. దాని తాళంచెవి పెట్టే చోటు రెండు సీట్ల మధ్య. ఒక బటన్ నొక్కితే స్పీడు ముల్లు దగ్గర తప్ప మిగతా దీపాలన్నీ ఆరిపోయేవి. అన్నిటికన్నా పెద్ద వింత ఇంకొకటి. ఐదు గేర్లూ చేత్తోనే మార్చాలి, కానీ క్లచ్ పెడల్ లేదు. కొత్తగా కొనేటప్పుడు ప్రత్యేకంగా అడిగినవాళ్లకే ఫ్యాక్టరీలో అలా బిగించి ఇచ్చేవారు. చెయ్యి రాడ్‌ను కదపగానే చిన్న మోటారు ఒకటి క్లచ్‌ను వదిలేది, గేరు పడగానే మళ్లీ పట్టించేది. అది పాడైతే బాగుచేసేవాడు దొరక్క, సొంతదారు కాగితాలు బావ పేరున రాసిచ్చి పోయాడు.

మేస్త్రి దాని చుట్టూ తిరగడం చూసి బావ పగలబడి నవ్వాడు.

"తీసుకోరా, నీకే ఇచ్చేశా. కాలు లేని డ్రైవరు, పెడల్ లేని బండి. ఈడూ జోడూ కుదిరింది."

షెడ్డంతా నవ్వింది. మేస్త్రి చెవిన వేసుకోలేదు. పద్నాలుగు నెలలు పట్టింది. మోటారును నడిపించే పెట్టె విప్పి, భూతద్దం కింద వెంట్రుకవాసి పగుళ్లు వెతికి, ఒక్కొక్క అతుకూ మళ్లీ వేశాడు. నూనె కారుతున్న రబ్బరు రింగులన్నీ మార్చాడు. ఒక ఆదివారం పొద్దున అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తీశాడు. మూడో గేరులో టర్బో అందుకుంది. ఎవరో వెనక నుంచి రెండు చేతులా నెట్టినట్టు కారు దూసుకుపోయింది. అక్క "అమ్మో, నెమ్మదిరా!" అని అరిచింది. అతను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సుఖం ఐదు నెలలు. షెడ్డుకు వచ్చిన పళ్ల డాక్టరు ఒకాయన కారు చూసి మనసు పడ్డాడు. కాకపోతే ఈ మోటారు గొడవ వద్దు, మామూలు క్లచ్ బిగించి ఇమ్మన్నాడు. బావ అక్కడికక్కడే మాటిచ్చేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నాకు ఇచ్చానన్నావు కదా బావా!"

"నవ్వులాటకు అన్నదీ పట్టుకుంటావా? కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి? శుక్రవారానికి పెడల్ బిగించు. నువ్వు తప్ప ఇంకెవడు చేస్తాడు?"

"నా చేత్తో చెయ్యను."

బావ వాదించలేదు. అక్కను పంపించాడు. ఆమె గది గుమ్మంలోనే నిలబడింది.

"చేసెయ్‌రా. నా కాపురంలో నిప్పులు పొయ్యకు."

మేస్త్రి నాలుగేళ్లుగా దాచుకున్నది బయటపెట్టాడు. "అక్కా, ఆ జాక్ నూనె కారుతోందని బావకు ముందే చెప్పాను. మార్చానన్నాడు. ఆ మాట నమ్మే దూరాను."

అక్క తలెత్తలేదు.

"తెలుసు. ఆ రోజు రాత్రే ఆయన నాకు చెప్పాడు."

"తెలిసీ..."

"తెలిసీ ఏం చెయ్యమంటావు? ఆయన్ని జైలుకు పంపి నేనూ పిల్లలూ ఎక్కడికి పోవాలి? నీ కాలు ఎలాగూ పోయింది."

అంతే అంది. అన్నం గిన్నె కింద పెట్టి వెళ్లిపోయింది.

మేస్త్రి ఆ అన్నం ముట్టలేదు. మర్నాడు పని మొదలుపెట్టాడు. మోటారు విప్పాడు, పెట్టె తీశాడు, గొట్టాలు మార్చాడు, పెడల్ బిగించాడు. చెడగొట్టడం ఎంతసేపు? ఒక్క నట్టు వదులుగా వదిలితే చాలు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఆ చేతులకు అది చేతకాలేదు. శుక్రవారం బావ స్టీరింగ్ ముందు కూర్చుని, "నువ్వు నడపలేవుగా, పక్కన ఎక్కు" అన్నాడు. ఆ చుట్టులో బావ గేరు మార్చినప్పుడల్లా లోపల గేర్ల పళ్లు కరకర ఒరుసుకున్నాయి. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు పని మెచ్చుకుని కారు తీసుకెళ్లాడు. మోటారు, పెట్టె రెండూ ఆ సాయంత్రమే పాత ఇనుములో పోయాయి.

ఆదివారం అతను బట్టలు సంచిలో వేసుకుని, ఊరికి ఆ చివరనున్న మరో షెడ్డులో చేరాడు.

ఏడాది తర్వాత ఒకరోజు అక్క వచ్చింది. బండ్లు పేరుకుపోయాయని, బావకు దిక్కు తోచడం లేదని, గది అలాగే ఉంచామని చెప్పింది. అతను కుర్చీ వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. పిల్లలు బాగున్నారా అని అడిగాడు. ఆమె ఇంకా మాట్లాడుతుండగానే బల్ల దగ్గరికి వెళ్లి, విప్పి పెట్టిన గేరుబాక్సు ముందు కూర్చున్నాడు. అక్క కాసేపు ఆ వీపునే చూసింది. తర్వాత గ్లాసు కుర్చీ మీద పెట్టి బస్సు కోసం నడిచింది.