పాడని మంగళం

నా చిన్నప్పుడు మా తాతయ్య మీద నాకు పట్టరాని కోపం వచ్చిన రోజు ఒకటుంది. నిండు సభలో నా నోరు చేత్తో మూసేశాడాయన. ఆ చెయ్యి కొరికేద్దామనిపించింది.

అనకాపల్లిలో మా నాటక సమాజానికి ఒక పాత బెల్లం గోదామే హాలు. రాతి గోడలు, టేకు దూలాలు, ఎండాకాలం వస్తే గోడల్లోంచి బెల్లం వాసన. టిక్కెట్టు లేదు. ఎవరికి తోచింది వాళ్లు పళ్లెంలో వేసేవారు, దీపాలకీ రంగులకీ వస్తే అదే పదివేలు. తాతయ్య హార్మోనియం వాయించేవాడు, చివర్లో మంగళం నేను పాడేదాన్ని. మంగళం పాడితేనే నాటకం అయినట్టు. అవకుండా హాలు మూయించినవాడి ఇంటికి అరిష్టమని ఊరందరి నమ్మకం.

గోదాము ఇచ్చిన షావుకారు పోయాక, ఎన్నాళ్లయినా నాటకాలాడుకోండన్న తండ్రి మాట గాలికొదిలేసి, ఆయన కొడుకు ఒక ఆదివారం సాయంత్రం తాళంకప్పతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సరుకు పెట్టుకోడానికి గోదాము కావాలట. "మంగళం పాడేసేక తాళం ఏసేత్తాను మామా," అన్నాడు, ఏదో దయ చూపిస్తున్నట్టు. తాతయ్య "అలాగే బాబూ" అన్నాడు. ఆ మాటకి నా ఒళ్లు మండిపోయింది.

చివరి పద్యం అయింది. ఏడుపు దిగమింగుకుని మంగళానికి నోరు తెరిచాను. అప్పుడే నా నోటి మీద ఆ చెయ్యి వచ్చి పడింది. రెండో చేత్తో హార్మోనియం మూసి, "నాటకం ఇంకా అవలేదు బాబూ. మిగతాది వచ్చే ఆదివారం," అన్నాడు తాతయ్య.

జనం గొల్లుమని నవ్వారు. "ఇదేటి మామా, మోసం!" అని అరిచాడు షావుకారు కొడుకు. అరిచాడు గాని తాళం వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. వచ్చే ఆదివారమూ మంగళం లేదు, ఆపై ఆదివారమూ లేదు. విసిగిపోయి వాడు రావడమే మానేశాడు. ఆనాటి నుంచి ఆ హాల్లో ఎవరూ మంగళం పాడలేదు.

ఇప్పుడు మా సమాజం కుర్రాళ్లే దాన్ని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టడానికి ఒప్పేసుకున్నారు. బయటివాడు కాదు, మనవాళ్లే! మంగళం పాడందే ఊళ్లో పెద్దలు గోడ మీద పలుగు వెయ్యనివ్వరని వాళ్లకి తెలుసు. అందుకే మొన్న శాలువా పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "ఆఖరి నాటకం కదేటి నాన్నమ్మా, రెండు నిమిషాలు పాడితే ఏటవుతాది?" అన్నాడొకడు. సిగ్గు లేకపోతే సరి! శాలువా వాళ్ల మొహానే విసిరికొట్టాను.

నాటకానికి మాత్రం వెళ్తాను. చివరి పద్యం అయ్యాక అందరూ నా వైపే చూస్తారు. తాతయ్య లేడు. నా నోటి మీద నా చెయ్యే వేసుకుని కూర్చుంటాను.