వానకు ఆమేన్

ఆ రోజుల్లో నేను దేవునితో కొంచెం ఎక్కువ చనువే తీసుకునేవాణ్ణి. (సండే స్కూల్లో కంఠత వాక్యాలకు బహుమతులన్నీ కొట్టేసిన పిల్లలకు పెద్దయ్యాక ఈ జబ్బు ఉంటుంది.) పూర్వం ఒక ప్రవక్త ప్రార్థన చేస్తే వాన ఆగిందని, మళ్లీ చేస్తే కురిసిందని, ఆయనా మనవంటి మనిషేనని మాకు నేర్పారు. మనవంటి మనిషి అన్నాక అందులో నేనూ ఉన్నట్టేనని నా నమ్మకం.

మొదటి ఉద్యోగం రాజోలు దగ్గరి ఒక పల్లెలో దొరికింది. చిన్న ప్రైవేటు బడి, లెక్కల మాస్టారి పని. మాది తుని అవతల కాబట్టి అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు. అక్కడి చర్చి సంఘంలో పెద్దావిడ, అందరూ మామ్మగారని పిలిచే ఒంటరి మనిషి, తన వసారా పక్క గది నాకు అద్దెకిచ్చారు. చాలా మంచావిడ, కానీ మాట బహు పొదుపు. బడి వదిలాక నన్ను పలకరించే మనిషి ఉండేవాడు కాదు. ఫోనులో అమ్మ తిన్నావా అని అడిగేది. తిన్నానని చెప్పాక ఇద్దరికీ మాటలు అయిపోయేవి. గదిలో మనిషి గొంతు వినబడాలని లేఖనాలు బిగ్గరగా చదువుకునేవాణ్ణి. అందులోనూ ఎవరూ ముట్టని వంశావళుల అధ్యాయాలే ఏరుకునేవాణ్ణి. అంతమందిని పేరుపేరునా పిలుస్తుంటే ఇల్లు నిండుగా ఉన్నట్టు ఉండేది.

భాద్రపదంలో ముసురు పట్టింది. చల్లని జల్లులు ఒకదాని వెంట ఒకటి వచ్చి కాలవలు నింపేశాయి. కొబ్బరి చెట్లు పాకుడు పట్టి కాయల దింపులు ఆగిపోయాయి, పొలం పనులూ ఆగాయి. సంఘంలో సగంమంది ఆ పనుల మీద బతికేవాళ్లే. అందరూ ఖాళీగా ఉన్నారు కదా అని పాస్టరు అయ్యగారు వారానికోసారి జరిగే గృహ ప్రార్థనను రోజూ సాయంత్రానికి మార్చారు. లోపలి వీధులన్నీ బురద కాబట్టి సిమెంటు రోడ్డు మీదున్న మామ్మగారి వసారాలోనే, అంటే సరిగ్గా నా గుమ్మం ముందే.

నా పంట పండింది. నాలుగయ్యేసరికి చాపలు పరిచి, గొడుగుల కోసం బకెట్టు పెట్టి, వీధి గుమ్మంలో నిలబడేవాణ్ణి. సంఘంలో ఆటో నడిపే ఒకాయన, అందరికీ బాబాయిగారు, నన్ను చూసి, "మాస్టారు ఆడపెళ్లివారిలాగ ఎదురొస్తన్నారండీ, కాళ్లు కూడా కడుగుతారా ఏంటి?" అనేవారు. పాటలు, వాక్యం, ఆ తరువాత అల్లం టీ. ఎవరో ఒకరు తిన్నారా అని అడిగేవారు, జవాబు చెప్పాక కూడా ఇంకా కూర్చునేవారు. తడి గొడుగుల వాసన నాకు ధూపంలా ఉండేది.

ఆ తరువాత మబ్బు పలచబడింది. ఎండ కాసింది, ఉక్క మొదలైంది. బూజు పట్టబోతున్న కొబ్బరి చెక్కలను మామ్మగారు డాబా నిండా ఆరబోశారు. ఊళ్లో ప్రతి ముఖమూ తేటపడింది, నాది తప్ప. ఆ సాయంత్రం అయ్యగారు, రేపటి నుంచి అందరూ పనుల్లోకి వెళ్తున్నారు కాబట్టి ప్రార్థన మళ్లీ వారానికోసారేనని ప్రకటించి, ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారు.

మా సంఘాల్లో ఒక అలవాటుంది. ప్రార్థన చేసేవాడు ఒక్కో మాట ముగించగానే మిగిలినవాళ్లు ఆమేన్ అంటారు. చెవి వినేలోగా నోరు అనేస్తుంది. నేను కళ్లు మూసుకుని, అన్నం కోసం, ఆరోగ్యం కోసం, అయ్యగారి కోసం స్తోత్రం చెల్లించాను. అన్నిటికీ ఆమేన్ వచ్చింది.

"ప్రభువా, ఈ వానలు ఆపకు తండ్రీ. ఇంకో నెల కురిపించు."

"ఆమేన్," అంది సంఘమంతా.

దేనికి ఆమేనన్నారో వాళ్లకు తట్టేలోగా మామ్మగారి గొంతు లేచింది. "తండ్రీ, కుర్రోడు తెలీక అడిగేడు, లెక్కలోకి తీసుకోకు. నా కొబ్బరి డాబా మీదుంది."

ఈసారి ఆమేన్ వీధి చివరి వరకూ వినబడింది.

అప్పుడే పడమర ఉరిమింది. అయ్యగారితో సహా అందరమూ డాబా మీదికి పరిగెత్తాం, చెక్కలు కుప్పచేసి ప్లాస్టిక్ బరకం కప్పాం. నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి. బాబాయిగారు ఆయాసపడుతూ, "మాస్టారూ, మీ ప్రార్థనకి పవరుందండి. మా ఇంటికొస్తే మటుకు పాట పాడండి, చాలు," అన్నారు. అందరూ నవ్వారు.

అయ్యగారు మాత్రం నవ్వకుండా, వాన ఎందుకు బాబూ అని అడిగారు.

"రేపట్నుంచి ఎవరూ రారు కదండీ," అన్నాను.

నన్ను ఏమీ అనని ఆ మనుషుల కాయలు కాచిన చేతులు చూశాను. వాళ్లు నాతో కూర్చున్న సాయంత్రాలన్నీ వాళ్లకు కూలి లేని రోజులని అప్పుడు తట్టింది. మామ్మగారు బరకం అంచు మీద ఇటుక పెడుతూ, "అదేదో మమ్మల్ని అడగొచ్చుగా నాయనా, మధ్యలో మబ్బులెందుకు?" అన్నారు.

మర్నాడు ఎండ మండిపోయింది. సాయంత్రం వసారాలో చాప పరచకుండా కూర్చున్నాను. వీధిలో ఒక్క గొడుగూ లేదు. చీకటి పడబోతుండగా డాబా మీది నుంచి మామ్మగారు, చెక్కలు తిరగెయ్యాలి రమ్మని పిలిచారు. వెళ్లాను. ఆమె ఒక వరస, నేనొక వరస. ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. కిందికి దిగాలని మాత్రం అనిపించలేదు.

ఇప్పుడు నాకు పిల్లలున్నారు, నేను పాఠం చెప్పే బడి పెద్దది. నలుగురిలో ప్రార్థించేటప్పుడు ఆచితూచి అడుగుతాను. అయినా భాద్రపదపు జల్లులు వెనక్కి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో, గుమ్మంలో నిలబడి రోడ్డు వంక చూసే ఆ బక్క మాస్టారు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. ఎదురుపడితే వాడికి వాక్యం చెప్పను. పక్కన కాసేపు కూర్చుంటాను, అంతే.