పట్టా మీద అరచెయ్యి

ఆ జనవరి పొద్దున రువైస్ నుంచి అబూధాబీ బయల్దేరి, పొగమంచులో దారి తప్పాను. నా పికప్ ముందు చక్రాలు దేన్నో ఎక్కాయి, వెనకవి ఇసుకలో కూరుకుపోయాయి. దిగి చూస్తే కింద రైలు పట్టా! కంచె ఇంకా వెయ్యని కొత్త లైను, కంకర రైళ్లు తిరిగేది.

"దాదా, ఖలాస్! బండి వదిలేసి పరిగెత్తుదాం," అన్నాను. దాదా అంటే దారిలో లిఫ్ట్ అడిగి ఎక్కిన అస్సాం పెద్దాయన, రైలు పనుల్లో మేస్త్రీ.

"వదిలేస్తే, రైల్లో వచ్చేవాళ్ల గతేంటి?" అన్నాడు హిందీలో. మోకాళ్ల మీద కూర్చుని పట్టాకు అరచెయ్యి ఆనించాడు. "మంచులో చెవిని నమ్మకూడదు భాయ్. మా అడవిలో కలప మోసే రైలుండేది. మా నాన్న దాని గ్యాంగ్‌మన్, ఇలాగే చూసేవాడు." కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ఏమీ రావట్లేదు. నింపాదిగా రివర్స్ తియ్యి."

టైర్ల కింద బండిలోని మ్యాట్లు వేశాడు. మూడోసారికి బండి వెనక్కి కదిలింది.

రోడ్డెక్కాక అడిగాను, ఆ కలప రైలు ఇంకా నడుస్తోందా అని.

"చెట్లు అయిపోయాయి. పట్టాలు పీకేసి తూకానికి అమ్మేశారు."

"మీ నాన్నగారు?"

"అంతకుముందే పోయాడు. ఇలాంటి మంచులోనే. పట్టా మీద చెయ్యి పెట్టి, ఏమీ రావట్లేదన్నాడు."

"మరి మీరెందుకు పెట్టారు దాదా?"

"అప్పుడు నీ కాళ్లు వణుకుతున్నాయి భాయ్. వణికే కాలితో క్లచ్ వదల్లేవు."