సాబేరా ఇంట్లో ఆగిన ఏసీ

ఈ అరబ్బు దేశంలో, హుఫూఫ్‌లో మేముండే బిల్డింగు రెండో అంతస్తులో రెండే ఇళ్లు. మెట్లెక్కి రాగానే కుడిపక్క మాది, ఎడమపక్క సాబేరాది. తలుపులు ఎదురెదురు. మా ఆయన పీరయ్య కింద బకాలా నడుపుతాడు, అదే మన కిరాణా అంగడి. ఆయన అంగట్లో ఉంటే నాకు ఇంట్లో పని తక్కువ, ఎదురింటి ధ్యాస ఎక్కువ. వాళ్ల పొయ్యి మీద ఏముందో వాసన పట్టి చెప్పేదాన్ని. అది చాలకపోతే గిన్నె పట్టుకుని వెళ్లి చూసొచ్చేదాన్ని.

సాబేరాది జమ్మలమడుగు పక్క. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా పుట్టింట్లోనూ అదే పని కాబట్టి తొందరగా కలిసిపోయాం. ఆమె భర్త అల్లాబకాష్ ఏసీ మెకానిక్. వాళ్లకు పిల్లలు లేరు. ఎందుకు లేరని మొదటి రోజే అడిగాను. "అల్లా ఇయ్యల్యా పెద్దమ్మా" అని నా చేతికి టీ గ్లాసు ఇచ్చింది. రెండోసారి అడగబుద్ధి కాలేదు.

పిల్లిని తెచ్చింది అల్లాబకాష్. ఎవరిదో ఖర్జూరం తోటలో కిటికీ ఏసీ ఆగిపోయిందంటే వెళ్లి విప్పాడట. లోపల ఇంకా కళ్లు తెరవని కూన ఒకటి ఉంది. తల్లి జాడ లేదు. పనిముట్ల సంచీలో పెట్టుకుని తెచ్చి, మందు సీసా డ్రాపరుతో పాలు పట్టాడు. అది బతికి, ఒళ్లు చేసి, గుర్రుమనడం నేర్చాక ఒక సాయంత్రం దాన్ని ఎత్తుకొచ్చి నా చెవికి ఆనించాడు.

"విను పెద్దమ్మా. మంచి కంప్రెసర్ ఇట్లనే పలుకుతాది. గ్యాసు నిండుగా ఉండాది దీంట్లో."

"పిల్లికి ఎవురన్నా కంప్రెసర్ అని పేరు పెడ్తారా అబ్బీ?"

"నాకు తెలిసిన మంచి పేరు అదే గదా."

అట్లా అది కంప్రెసర్ అయింది. దాని వేషాలు ఒకటా రెండా. గిన్నెలో నీళ్లు పెడితే ముట్టదు. అల్లాబకాష్ ఉజూ చేసుకునే బద్నా చెంబులో మూతి పెట్టి తాగుతుంది. అతను ఆ నీళ్లు పారబోసేవాడు కాదు, పిల్లి ఎంగిలి అంటు కాదని వాటితోనే కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజుకు నిలబడేవాడు. అతను నిలబడ్డాడంటే ఇది వచ్చి సరిగ్గా నుదురు ఆనించే చోట పడుకునేది. అతను ఒక జానెడు పక్కకు జరిగేవాడు, అదీ జరిగేది. కోడి కార్జం ఉడికించి, చల్లార్చి, వేళ్లతో చీల్చి పెడితేనే తినేది. వేడి తగిలితే మూతి తిప్పుకుని సాబేరా వైపు తప్పు చేసినదాన్ని చూసినట్టు చూసేది. వెంట్రుకలు రాల్చే కాలంలో సాబేరా రోజూ దువ్వెనతో దువ్వి ఆ బొచ్చు ఉండలు చుట్టి పెట్టేది. "ఇదీ ఏకితే పరుపవుతాదేమో" అని నవ్వేది.

దాని పరుపు మాత్రం నిజంగానే ఉంది. మూరెడు పరుపు, సాబేరా చేత్తో కుట్టింది. కిటికీ ఏసీ కింద అల్లాబకాష్ ఒక చెక్క బిగించాడు, దాని మీద ఆ పరుపు. చల్లగాలి తిన్నగా పిల్లి వీపు మీద పడేది. ఊళ్లో ఏసీలన్నీ బాగుచేసే మనిషి ఇంట్లో ఏసీ బిల్డింగు మొత్తానికీ ముసలిది. లోపల ఏదో రేకు వదులై దడదడమని మోగేది, మా ఇంట్లోకి వినపడేది.

"ఆ రేకు బిగించుకోగూడదా? మాకు టీవీ ఇనపడ్దు" అని నేను పోట్లాడితే, "ఆ చప్పుడు ల్యాకుంటే కంప్రెసర్‌కు నిద్ర పట్టదు పెద్దమ్మా. యాడున్నా అది ఇంటే పరిగెత్తుకొస్తాది" అనేవాడు.

ఎండలు ముదరక ముందే అల్లాబకాష్ పోయాడు. ఎవరి ఇంటి మిద్దె మీదో ఏసీ చూడటానికి ఎక్కినవాడు అక్కడే గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆస్పత్రిలో సాబేరాకు ఒకసారి ముఖం చూపించారు. ఇక్కడ ఆడవాళ్లు ఖబరస్తానుకు వెళ్లరు, గోరీ మీద పేరు ఉండదు, ఒక రాయి ఉంటుందంతే. మగవాళ్లు వెళ్లి మట్టి ఇచ్చి వచ్చారు. పీరయ్య చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వస్తుంటే సాబేరా ఆ చెప్పుల మీది మట్టినే చూసింది.

"ఆ మట్టి ఆడ గోరీదేనా పెదనాయనా?"

పీరయ్య తల ఊపాడు. ఆ చెప్పులు చాలా రోజులు తుడవలేదు.

మాలో భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చుంటుంది. ఇల్లు దాటదు, పరాయి మగవాళ్ల ఎదుట పడదు. అవసరమైతే బయటికి పోవచ్చని అంటారు కానీ సాబేరా గడప దాటనని పట్టు పట్టింది. అల్లాబకాష్ పనిచేసిన అంగడి కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు. ఇద్దత్ అయ్యేదాకా ఇల్లు ఉంచుకోమన్నాడు. అది ముగియగానే ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పంపుతాడు.

అప్పుడు లేచింది పిల్లి మాట.

"ఎంటబెట్టుకుని పోగూడదా?" అన్నాను.

"మా అన్న ఇంటికి పోతాండా పెద్దమ్మా. ఆడ నాకే ఒక మూల ఇయ్యల్ల. పిల్లిని సంకలో పెట్టుకుని పోతే మా వదిన ఏమంటాది?" పిల్లి చెవి వెనక గీరుతూ, "నువ్వు పెట్టుకో. ఇంగెవరికీ ఇయ్యబుద్ధి కాదు" అంది.

నాకు పిల్లి బొచ్చంటే పడదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా కాదనలేకపోయాను.

ఇచ్చినంత సులభంగా అది రావాలి కదా. ఎత్తుకొచ్చి తలుపు వేస్తే రాత్రీ పగలూ తలుపు గీరింది. కార్జం ముట్టలేదు. తెరవగానే బాణంలాగా ఎదురింట్లోకి దూరింది. రెండోసారి తెస్తే ఇంకా అన్యాయం, కంగారులో తలుపు తప్పి మెట్ల మీదుగా వీధిలోకి పోయింది. నేను చెత్త డబ్బాల వెంట ఆ ఎండలో వెతుకుతున్నాను. సాబేరా గడప లోపల నిలబడి గొంతు పోయేలా పిలుస్తున్నది. కాలు మాత్రం బయట పెట్టలేదు. మర్నాడు అదే వచ్చింది, వీధి పిల్లులు చెవి చీల్చాయి. సాబేరా ఆ చెవికి పసుపు పెడుతూ అంది:

"నేను పోయినాంక ఈ తలుపుకు తాళం పడ్తాది పెద్దమ్మా. ఇది ఆ తాళం ముందర కూచుంటాది. కొత్తగా వచ్చినోళ్లు తరుముతారు. వీధిలో నాలుగు రోజులు బతకదు."

దాని తర్వాత వారమో పది రోజులో అయింది. ఒక మధ్యాహ్నం ఏదో వెలితిగా తోచింది. ఏమిటా అని చూస్తే, ఎదురింటి దడదడ లేదు.

"ఏసీ పోయింది పెద్దమ్మా" అంది సాబేరా.

హుఫూఫ్ ఎండాకాలం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొళాయి నీళ్లు కూడా చెయ్యి కాలుస్తాయి. కంప్రెసర్ నోరు తెరుచుకుని రొప్పింది, బాత్‌రూము గచ్చు మీద పొర్లింది, చివరికి తనంతట తానే గడప దాటి మా ఇంట్లోకి వచ్చి మా ఏసీ కింద చతికిలబడింది. మొదట కాసేపే. తర్వాత మధ్యాహ్నమంతా. ఒకరోజు కార్జం తిన్నది. ఒకరోజు పీరయ్య టోపీలో తల పెట్టి రాత్రంతా నిద్రపోయింది. పొద్దున ఆయన టోపీ దులుపుకుంటూ, "మన ఇంటికి అల్లుడొచ్చినాడు" అన్నాడు.

నేను ఎప్పటికప్పుడు ఎదురింట్లో కబురు చెప్పేదాన్ని. సాబేరా ప్రతిసారీ ఒకటే అడిగేది. "తినిందా? ఎంత తినింది?" నేను చెప్పేది విని, తల వంచుకుని, కొంగుతో మెడ తుడుచుకునేది. మెడ నిండా చెమటకాయలు. బుగ్గలు లోపలికి పోయాయి. ఒంటి మీద తడిగుడ్డ కప్పుకుని ఫ్యాను కింద కూర్చునేది. ఆ ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొట్టేది.

"మెకానిక్‌ను పిలిపిస్తా ఉండు."

"ఇద్దత్‌లో పరాయి మగోడు ఇంట్లోకి యాల పెద్దమ్మా?"

"నువ్వు బాత్‌రూములో కూచో, నేను దగ్గరుండి చేపిస్తా."

"వద్దు."

"అయితే మా ఇంటికి రా. అడుగు దూరమే గదమ్మే."

"గడప దాటను."

మొండితనానికి కూడా ఒక హద్దుంటుంది కదా. నేను ఆమె మాట వినకుండా షాబాజ్‌ను పిలిపించాను. అల్లాబకాష్ స్థానంలో వచ్చిన పాకిస్తానీ కుర్రాడు. అతను మెట్లెక్కే చప్పుడు వినగానే సాబేరా తలుపు వేసుకుంది. లోపల్నుంచి వద్దంటే వద్దంది. షాబాజ్ పానాలు సంచీలో పెట్టుకుంటూ నన్ను అడిగాడు. "అమ్మాజీ, చలాకే దేఖా క్యా?"

ఒకసారి నడిపి చూశారా అని. నేను చూడలేదు. సాబేరా పోయిందంది, పోయిందనుకున్నాను. అతను వెళ్లిపోయినా ఆ మాట నాలో ముల్లులాగా ఉండిపోయింది.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం వెళ్లేసరికి సాబేరా స్నానానికి పోయి ఉంది. ఏసీ దగ్గరికి వెళ్లి మీట నొక్కాను.

దడదడ మొదలైంది. ఆ వెంటనే మంచులాంటి గాలి నా ముఖాన కొట్టింది.

సాబేరా తడి జుట్టుతో బయటికి వచ్చింది. నా వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. నేనూ తిరిగాను. కంప్రెసర్ అప్పటికే గడపలో ఉంది, తోక నిటారుగా ఎత్తి. ఒక్క గెంతున చెక్క ఎక్కి, పరుపును ముందుకాళ్లతో పిసికి, గుండ్రంగా చుట్టుకుని కళ్లు మూసింది. గుర్రుమనే చప్పుడూ ఏసీ చప్పుడూ కలిసిపోయాయి.

"యాల నొక్కితివి పెద్దమ్మా" అంది సాబేరా. కోపం లేదు, గొంతులో జీవం కూడా లేదు.

"బాగున్న ఏసీని ఆర్పుకుని ఇట్ల ఉడికిపోతాండావా?"

"ఎత్తుకుని పోయి ఇస్తే రాల్యా గదా. నా ఇల్లు ఉడకల్ల, నీ ఇల్లు సల్లగుండల్ల. అప్పుడు అదే పోతాది. నేను పొమ్మన్నట్ల ఉండదు."

"అది మా ఇంట్లో ఉన్నప్పుడన్నా ఏసుకోవచ్చు గదే."

"ఈ చప్పుడు ఇంటే వస్తాది. ఇప్పుడు నువ్వే చూస్తివి గదా."

ఆమె ఏసీ కింద నిలబడింది. ఎన్ని రోజుల తర్వాత తగిలిన చల్లదనమో. ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. పిల్లి వీపు మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుంది. మీట ఆర్పింది.

ఇద్దరం కింద కూర్చున్నాం. గది మళ్లీ కాగడం మొదలుపెట్టింది. పిల్లి ఒక కన్ను తెరిచింది. ఏసీ వైపు చూసింది, సాబేరా వైపు చూసింది. మ్యావని ఒకసారి అడిగింది. సాబేరా గోడ వైపు తిరిగి కూర్చుంది. చాలాసేపటికి అది చెక్క దిగి, ఆమె మోకాలికి ఒళ్లు రాసుకుని, నోరు తెరిచి రొప్పుతూ మా ఇంటి వైపు నడిచింది. అది గడప దాటాక సాబేరా లేచి తలుపు మెల్లగా మూసింది. అప్పుడు ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా నేను ఆ ఏడుపు వినలేదు.

ఆ తర్వాత నేను ఏసీ మాట ఎత్తలేదు. ఐసు వేసిన నీళ్లు బకెట్టుతో మోసుకుపోయి ఆమె కాళ్ల దగ్గర పెట్టేదాన్ని. ఆమె పగలంతా అందులో కాళ్లు పెట్టుకుని ఆ చిన్న పరుపు విప్పి, దూది మళ్లీ ఏకి, కొత్త గలీబు కుట్టింది.

ఇద్దత్ ముగిసిన పొద్దున సాబేరా స్నానం చేసి, గడప దాటి మొదటి అడుగు వేసింది. ఆ అడుగు మా ఇంట్లోకే. ఒక చేతిలో పరుపు, ఒక చేతిలో బద్నా. మా ఏసీ కింద పరుపు పరిచింది. కంప్రెసర్ వచ్చి వాసన చూసి, పిసికి, దాని మీద చుట్టుకుంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"కార్జం సల్లారినాంకనే పెట్టు. నీళ్లు దీంట్లోనే పొయ్యి. పెదనాయనను నమాజులో కొంచెం జరగమను."

"జరుగుతాడులే."

మా ఏసీ చప్పుడు చెయ్యదు. దాని కింద సాబేరా కొంచెంసేపు నిలబడింది. మెడ మీద చెమటకాయలు ఇంకా మానలేదు.

"సల్లగుండాది పెద్దమ్మా" అని, బురఖా సర్దుకుని మెట్లు దిగింది. కింద పీరయ్య కారు తెచ్చి నిలబెట్టాడు.

ఇప్పుడు జమ్మలమడుగు నుంచి వాట్సాప్‌లో ఫోను చేస్తుంది. వదిన గురించి అడిగితే మాట తప్పిస్తుంది. "తినిందా? ఎంత తినింది?" అంటుంది. నేను ఫోను తిప్పి పిల్లిని చూపిస్తాను.

మొన్న ఎదురింట్లో కొత్తవాళ్లు దిగారు. ఆ ముసలి ఏసీని పీకించారు. కూలీలు మెట్ల మీద దించుతుంటే లోపలి రేకు కదిలి దడదడమంది. పరుపు మీది కంప్రెసర్ దిగ్గున లేచి గడప దగ్గరికి పోయింది. ఆ చప్పుడు ఒక్కో మెట్టూ దిగి వీధిలోకి పోయేదాకా అక్కడే చెవులు రిక్కించి కూర్చుంది. ఆ పూట కార్జం ముట్టలేదు.

సాయంత్రం ఫోనులో సాబేరా అడిగింది, తినిందా అని. తినిందని చెప్పాను.